ఉప్పోళ్ళ డొంక

ఇరవయ్యారేళ్ళు సర్వే ఆఫీసులో
గాజుబల్ల కింద దీపం పెట్టుకుని
ఊళ్ళకు ఊళ్ళు దించాను.
కయ్యలు, వంకలు, శ్మశానాలు,
గట్టు తగాదాలన్నీ నా సిరా కింద సద్దుమణిగేవి.
నడిచింది మాత్రం
బైరాగిపట్టెడ నుంచి ఆఫీసుకీ
ఆఫీసు నుంచి కూరగాయల మార్కెట్టుకీ.

భాకరాపేట వైపు పాత పటంలో ఒక చుక్కల గీత.
పక్కన చీమతలంత అక్షరాల్లో
రస్తా పోరంబోకు.
అడవి హద్దు దగ్గర ఆగిపోయేది,
చెప్పబోయిన మాట మింగేసినట్టు.

రిటైరైన మూడో నెల
తెల్లారుజామున పీలేరు బస్సెక్కి
ఘాటు కింద దిగాను.

మానికల పోలయ్య ముందు నా కాళ్ళు చూశాడు.
"ఆ చెప్పులు పెండ్లికి బాగుంటాయి మేడం."
చూరులోంచి కొడుకు బూట్లు తీసిచ్చాడు.
రెండు సైజులు పెద్దవి.
సద్దిమూట విప్పి, ఆ గుడ్డను రెండు ముక్కలు చేసి
వేళ్ళ దగ్గర కుక్కుకున్నాను.

మొదట మోకాలి లోతు.
ఏదో వానగుంట అనుకున్నా.
తర్వాత నడుము, తర్వాత భుజాలు,
ఎప్పుడు మునిగానో తెలీదు,
కలేకాయ పొదల వేర్లు చెవుల పక్కన వేలాడుతున్నాయి.
అడవికోడి కూత
మేడమీద అద్దెకున్నవాళ్ళ మాటల్లా
పైనుంచి.

"ఇది తవ్వింది గాదు, తొక్కింది" అన్నాడు పోలయ్య.
"సముద్రం కాడ్నించి గాడిదల మింద ఉప్పేసుకోని
ఈడ్నే ఎక్కేవోళ్ళంట. దిగేటప్పుడు చింతపండు.
ఒక్కో డెక్క ఒక్క చిటికెడు మన్ను మోసకపోతే
ఇంత లోతుకు ఎన్నేండ్లో
మీరే లెక్కేయండి, లెక్కల ఆఫీసులో చేసినారు గదా."

వేయబోయాను.
గుట్టకు వంపుగీతలు, చెరువుకు నీలం,
బావికి చిన్న సున్న.
అడుగులు అరగదీసిన లోతుకు
ఏ గుర్తూ నేర్పలేదు మాకు.

మలుపులో గోడలోంచి పొడుచుకొచ్చిన రాయి,
బస్తా దించుకునేంత ఎత్తులో.
నున్నగా, ఎవరిదో బట్టతల మాదిరి.
"కణుజులు ఇప్పుటికీ వొచ్చి నాకతాయి."
పోలయ్య ముందుకెళ్ళాక
అటూ ఇటూ చూసి
నేనూ నాకాను.
రాయి రుచే.

అక్కడ రెండుగా చీలింది డొంక.
కుడివైపుది కొత్తగా చెక్కుకుపోయింది,
బరువైనదేదో ఈడ్చిన గాడి,
అంచుల్లో ఎర్రటి పొట్టు.
వంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
"తీగ లాగొద్దు మేడం."
కాసేపాగి,
"చూసినోళ్ళనే అడగతారు."

మళ్ళీ నా కాళ్ళ వైపు చూశాడు.
"వాడూ ఆ బూట్లు తొడుక్కోని ఇట్లనే పొయినాడు.
పద్దెనిమిది నెల్లాయ. ఇంకా బెయిలు రాలా."

తర్వాత మాటల్లేవు.
గుడ్డముక్కల మధ్య నా వేళ్ళు
వాడి వేళ్ళ గుంటలను వెతుక్కుంటూ నడిచాయి.

ఎడమవైపు డొంక ఠక్కున కోనలో పడింది.
రెండు ఎర్రగోడలు, మధ్య మోకాలి నీళ్ళు,
అందనంత ఎత్తులో తేనెపట్లు.
గుండం దగ్గర కూర్చుని సంగటి తిన్నాం.
ముద్దలో సగం పోలయ్య చేపలకు విసిరాడు.
తల ఎత్తితే
గోడల సందున ఆకాశం,
అదీ ఒక రస్తా పోరంబోకు,
ఎవరి పేరున లేనిది,
ఒక గద్ద తాపీగా దాటింది.

ఈ నీళ్ళు కోసింది లోతే.
కానీ నీటికి ఇంట్లో ఎదురుచూసేవాళ్ళుండరు,
ఉప్పు అమ్ముడుపోతుందో లేదోనని దిగులుండదు.
నాకెందుకో వెనక వదిలిన ఆ మట్టిగోడలే
ఎక్కువ లోతనిపించాయి.

సాయంత్రం బూట్లు తిరిగిచ్చాను.
పోలయ్య వాటిని నేలకేసి కొట్టి దులపలేదు.
అట్లనే చూరులో దోపాడు.

రాత్రి పంపు కింద ఆ గుడ్డముక్కలు ఉతికాను.
మూడుసార్లు ఎర్రనీళ్ళు.
తూము నోట్లోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.
చిటికెడు.
మహా ఐతే చిటికెడున్నర.
ఇవాళ్టికి డొంక
అంత దిగింది.